కుడిచేతి ఐరన్లు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా మోకాలి ఆపరేషన్‌తో ఆగిపోయిన గోల్ఫ్ మళ్లీ ఆడదామనిపించింది. అక్క నాకిచ్చిన నీ పాత గోల్ఫ్ కర్రలు, ఆ ఐరన్ల ఇనుప తలలన్నీ తుప్పు పట్టాయి. అందుకే మొన్న ఏలూరులో రైలెక్కి హైదరాబాదు వెళ్లి కొత్తవి చూశాను.

షాపులో కాగితం మీద పేరు రాస్తుంటే అక్కడాయన నా చేతి వంక చూశాడు. “మీది ఎడమచేతి వాటం కదండీ, కుడిచేతి సెట్టు అడుగుతున్నారేంటి?” అంటూ ఎడమచేతి ఐరన్ ఒకటి ఇచ్చాడు. అక్కడే కట్టిన వలలోకి కొట్టాను. పది దెబ్బలకే బంతి తిన్నగా వెళ్లింది.

గుండుగొలనులో, ఎండగట్టిన మీ చేపల చెరువులో నువ్వు నాకు ఆట నేర్పినప్పుడు ఇద్దరికీ నీ కుడిచేతి సెట్టొక్కటే. “దీంతోనే అలవాటు చేసుకోరా, తర్వాత నీకు వేరే కొందాం” అన్నావు. బంతి కుడికి పోయినప్పుడల్లా వెనక నిలబడి నా మణికట్టు పట్టుకుని తిప్పేవాడివి. ఇరవై ఏళ్లలో ఆ వేరే సెట్టు మాట నేనూ ఎత్తలేదు.

“అలవాటైపోయిందండీ” అని చెప్పి కుడిచేతివే తెచ్చుకున్నాను.

ఈ ఉదయం, నీళ్లు తోడేసిన ఆ చెరువులోకే దిగి కొట్టాను. బంతి కుడికే పోయింది. రెండో బంతి పెట్టుకుని, ఐరన్ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను, నువ్వొచ్చి మణికట్టు తిప్పుతావన్నట్టు.