అమ్మ పాట కోసం పెట్టిన స్విచ్

ఆదివారం, రాత్రి

ఇంకా ఒళ్ళు మండిపోతోంది. మైక్‌సెట్ బాబూరావు నన్నడక్కుండా నా ఎలక్ట్రిక్ గిటార్ విప్పాడు. దాన్ని వారమంతా చర్చిలో వదిలేయడం నాదే బుద్ధి తక్కువ.

అందులో ఆ స్విచ్ ఎందుకు పెట్టానో వాడికేం తెలుసు? మిరపకాయల తొడిమలు తీసీ తీసీ, ఆ ఘాటుకి అమ్మ గొంతు జీరబోయింది. అయినా ఆరాధనలో ఒక పాట తనే ఎత్తుకుంటుంది. గిటార్ కీచుమంటే ఆ గొంతు మునిగిపోతుంది. అందుకే నెల రోజులు రకరకాల కెపాసిటర్లు మార్చి చూసి, స్విచ్ నొక్కగానే ట్రెబుల్ తగ్గి తీగలు మెత్తగా పలికేలా చేశాను.

ఇవాళ అమ్మ పాట ఎత్తుకోగానే స్విచ్ నొక్కాను. ఏమీ మారలేదు. అదే కీచు. వాల్యూమ్ తగ్గిస్తే బాబూరావు మిక్సర్ దగ్గర పెంచేశాడు. పైగా నాకేసి బొటనవేలు ఎత్తి చూపించాడు!

ఆరాధన అయ్యాక నా చేతిలో కాగితం పొట్లం పెట్టాడు. విప్పితే నా కెపాసిటర్లు.

"ఇయ్యేరా సౌండు తినేస్తన్నయి. పీకేశా. ఇవాళ గేటు దాకా ఇనపడింది నీ గిటారు!"

"ఒరేయ్, తినడానికే పెట్టానురా వాటిని!" అని అరిచాను. పాస్టరు గారు వెనక్కి తిరిగి చూశారు. ఇంకా తిట్టాల్సింది మిగిలిపోయింది.

ఇంటికొస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది. "గిటారు బాగా మోగిందంటన్నారు. నా పాట ఇనపడిందా అయ్యా?"

అందరికీ వినపడిందమ్మా అన్నాను.

ఆదివారం పూట, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చున్న అమ్మతో నాచేత అబద్ధం చెప్పించాడు వెధవ.