కావలి బజారులో మన రొయ్యలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన గుంటలో రొయ్యలు పట్టుబడికొచ్చిన వేళకే అమెరికా సుంకం పెంచింది. ఎగుమతి కంపెనీ లారీ పంపలేదు. "మన రొయ్యలు మనోళ్లు తింటే అరగవా ఏందిరా?" అని నువ్వన్నప్పుడల్లా నవ్విన నేనే, వేరే దారి లేక రోజుకిన్ని పట్టించి, ఐసు పెట్టెల్లో బోగోలు నుంచి కావలి బజారుకు తీసుకెళ్లాను. మొదటిరోజు సిగ్గుతో తలెత్తలేకపోయాను. మూడోరోజు నేను చేరేసరికే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇవాళ గుంట ఖాళీ అయింది. చివరి పెట్టె కడుగుతుంటే, వట్టి గిన్నెతో మిగిలిపోయిన ఒక పెద్దామె అడిగింది.

"మళ్లా తెస్తావా అబ్బయ్యా, లారీ వస్తే అమెరికాకే పంపేస్తావా?"

"లారీ వచ్చినా మీ వాటా మీకేనమ్మా. మా అక్క తెమ్మనింది," అన్నాను.