పార్కు స్థలంలో వడియాలు

గుణదల,
ఏప్రిల్ 2

ప్లానింగ్ అధికారి రామకోటేశ్వరరావు గారికి,
మణిద్వీప కాలనీ సంఘం కార్యదర్శి త్రిపురసుందరి నమస్కారాలు.

మా కాలనీ మధ్యనున్న స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కడతామని మీరు బోర్డు పెట్టించారు. అది పార్కు స్థలమండీ. మా పిల్లలు ఆడుకునేదీ, పెద్దవాళ్లం నడిచేదీ అక్కడే. లేఅవుట్ కాపీ అడిగితే మీ ఆఫీసువాళ్లు మూడు నెలలుగా వెతుకుతూనే ఉన్నారు. సర్కారు బడిలో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు వచ్చేదాకా వదిలే అలవాటు లేదు.

భవదీయురాలు,
త్రిపురసుందరి

తా.క.: మీ బోర్డు నీడలో రెండు కుక్కలు పడుకుంటున్నాయి. ఇప్పటికి మా కాలనీకి జరిగిన అభివృద్ధి అదే.

*

ఏప్రిల్ 10

శ్రీమతి త్రిపురసుందరి గారికి,

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు మా సిబ్బంది సదరు స్థలమును తనిఖీ చేసిరి. ఆడే పిల్లలు గానీ నడిచే పెద్దలు గానీ కనబడలేదు. కావున ఆ స్థలం ప్రజలకు అక్కరలేనిదని నిర్ధారించడమైనది.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: తనిఖీకి వచ్చిన ఉద్యోగికి వడదెబ్బ తగిలినందున పూర్తి నివేదిక ఆలస్యమగును.

*

ఏప్రిల్ 12

రామకోటేశ్వరరావు గారికి నమస్కారం.

బెజవాడ ఎండలో మధ్యాహ్నం రెండింటికి మనుషులు బయటుంటారా అండీ? అప్పుడు అక్కడుండేవి వడియాలు. సుబ్బరత్నం గారి గుమ్మడి వడియాలు, మాణిక్యమ్మ గారి మినప వడియాలు, నా సగ్గుబియ్యం వడియాలు. మా అపార్ట్‌మెంట్ల మేడల మీద ట్యాంకులు పోను దుప్పటి పరిచే చోటైనా లేదు. ఈసారి సాయంత్రం ఆరింటికి రండి, మనుషులు కనబడతారు.

త్రిపురసుందరి

తా.క.: వడదెబ్బ తగిలినాయనకు మజ్జిగ పంపుతున్నాం. ఆయన మీద మాకేం కోపం లేదు.

*

ఏప్రిల్ 19
నోటీసు

శ్రీమతి త్రిపురసుందరి గారికి,

సదరు స్థలంలో మూడు రకముల ఆహార ఉత్పత్తులు, ముగ్గురు తయారీదారులు ఉన్నట్లు మీ లేఖ వలన తెలిసినది. ఆమోదించిన లేఅవుట్ ప్రకారం ఇది పార్కుకు కేటాయించిన స్థలం. ఇందు ఎట్టి వ్యాపారమూ చేయరాదు. పై ఉత్పత్తులను స్వాధీనం చేసుకొనడమైనది. ఆధారముగా లేఅవుట్ కాపీ జతపరచడమైనది.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: మజ్జిగ అందినది. రసీదు కూడా జతపరచడమైనది.

*

ఏప్రిల్ 29

రామకోటేశ్వరరావు గారికి మా కాలనీ అంతా చేతులెత్తి దణ్ణం.

మీ నోటీసు చూసి, ఏడాదికి సరిపడా వడియాలు పోయాయని సుబ్బరత్నం గారు ఏడ్చారు. నేను మాత్రం స్కూటరెక్కి లాయరు దగ్గరికి పరిగెత్తాను. అది పార్కు స్థలమనీ, అక్కడ వ్యాపారం కూడదనీ మీరే సంతకం పెట్టి, సీలు వేసి పంపారు కదండీ! నిన్న మీ కాంప్లెక్స్ మీద కోర్టు స్టే ఇచ్చింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఈ స్థలం పోతే మా పిల్లలు ఆడుకోవడానికి లిఫ్టు ఒక్కటే మిగిలేది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మేం హక్కని అడిగితే ఆఫీసులో కాగితం దొరకదు. తప్పు మాదని తేలితే అదే కాగితం వారంలో బయటికొస్తుంది. సర్కారు ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. అందుకే పన్నెండో తేదీ ఉత్తరంలో ఎవరి వడియాలేవో పేరుపేరునా రాశాను. కేసు తేలేదాకా రోజూ ఆ స్థలంలోనే ఉంటాం.

త్రిపురసుందరి

తా.క.: స్వాధీనం చేసుకున్న వడియాలను మీ ఆఫీసులో ఎవరైనా వేయించబోతే ఆపండి. ఇంకా రెండెండలు తగలాలి. నూనెలో పేలతాయి.