లాకర్‌లో ఫోను

పిన్నీ,

రేపు నీ సంవత్సరీకం. నేను రావడం లేదు. ఉన్న సెలవులు బూసాన్‌లో అయిపోయాయి. కొరియాలో సముద్రం ఒడ్డున ఉండే ఊరు. ఒక్కదాన్నే వెళ్లానంటే నువ్వు నమ్మవు.

ఒక్కదాన్నే అనడం సగమే నిజంలే. నేనెక్కడున్నానో మీ అల్లుడుగారి ఫోన్లో నీలం చుక్కలా కనపడుతూనే ఉంటుంది. ఆ షరతు మీదే పంపించారు. చేపల బజారులో కాసేపు నిలబడితే చాలు, సింగపూర్ నుంచి ఫోను.

"అక్కడే ఆగిపోయావేంటి? పక్కన ఎవరన్నా ఉన్నారా? జస్ట్ అడిగాను."

మ్యూజియంలో సంచులు పెట్టుకునే లాకర్లు చూడగానే నువ్వు గుర్తొచ్చావు. తెనాలిలో టైలరు కొట్టు కొక్కేనికి నీ గొడుగు తగిలించి బజారంతా తిరిగొచ్చేదానివి. అటుగా వెళ్లిన బాబాయి గొడుగు చూసి నువ్వు లోపలే ఉన్నావనుకునేవాడు.

లోపల ఫోను మోగకూడదట అని ఆయనకి మెసేజ్ పెట్టి, ఫోను లాకర్‌లో పెట్టి తాళం వేశాను. పాతకాలపు వలలున్న గది ఒక్కటి చూసి బయటపడ్డాను. వెనక వీధి సంతలో ఇత్తడి గిన్నెలు బేరమాడి, కొనకుండా వచ్చేశాను. బండి దగ్గర నిలబడి, పుల్లకు గుచ్చిన వేడి వేడి చేపముక్కలు తిన్నాను. ఎవరికీ ఫొటో పంపలేదు.

సాయంత్రం ఫోను తీయగానే మోగింది.

"ఇంతసేపూ మ్యూజియంలోనేనా? అంత బాగుందా?"

"చాలా బాగుందండీ."

ఇప్పుడు మళ్లీ సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్ మీద చుక్క కదలకుండా ఉంది. ఆయన నిశ్చింతగా ఉన్నారు. ఇవాళ కూరగాయలకని వెళ్లి, దారిలో లైబ్రరీలో లాకర్లు ఉన్నాయా అని అడిగాను.

ఉన్నాయట, పిన్నీ.