మెగ్నీషియం సీసా మీద చల్లిన తీర్థం

విచారణ సంఘం అధ్యక్షుల వారి సముఖానికి, రసాయన శాస్త్ర విభాగం ల్యాబ్ అటెండరు చింతల ఎల్లేష్, నాంపల్లి, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పరిశోధక విద్యార్థిని వైశాలి మీద మోపిన తప్పుడు ఫలితాల అభియోగం కొట్టివేసి, తప్పును నా పేర వ్రాయుట గురించి.

1. వైశాలి చేసే పని తమకు తెలిసినదే. బ్రోమిన్ తగిలించిన చిన్న అణువులలో మెగ్నీషియం పొడి కలిపితే, ఆ పొడి బ్రోమిన్‌ను ఊడదీసి, అణువుకు అణువు ముడివేసి పొడుగాటి గొలుసు చేస్తుంది. పాలిమర్ అంటే అదే. ఆగస్టులో ఆ గొలుసు వచ్చింది, కళ్ళారా చూశాను. దసరా తరువాత తమరు అదే సీసాలోని పొడితో చేయిస్తే రాలేదు. మొదటిదీ అబద్ధమేనని తేల్చారు.

2. మన ల్యాబులో ఆయుధపూజ పంతొమ్మిదేళ్ళుగా నాదే. ఈ దసరాకూ త్రాసుకు, పంపుకు, హీటరుకు బొట్లు పెట్టాను. "ఈ మెగ్నీషియం పొడికి నీళ్ళ చుక్క తగలొద్దు బాబాయ్, తగిలిందా, గొలుసు మొదట్లనే తెగుతది" అని ఆ పిల్ల ముందే చెప్పింది. "గంగమ్మ తగిలితే పాపమే పోతది, పొడి పోతదా బిడ్డా?" అన్నాను. తడి తగలనిది పూజే కాదని నా మొండితనం. మూత తీసి మూడుసార్లు తీర్థం చల్లాను, అక్షింతలు వేశాను.

3. విచారణలో తమరు "సీసా ఎవరన్నా ముట్టిన్రా ఎల్లేష్?" అని అడిగారు. "లేదు సార్" అన్నాను. ఆ ఆదివారమే, వారం వారం ధర్మబోధ చేసే అలవాటుకొద్దీ, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, నాకు శాస్త్రం నేర్పిన పాత పుస్తకాల నడుమ నిలబడి, భారతయుద్ధంలో రాజు సగం నిజం పలికినందుకు నేలకు దిగిన రథం గురించి గొంతు చించుకున్నాను. ఆ రాజు సగమైనా నిజం పలికాడు! "జనులారా, నోరు మూసుకున్నవాడూ దొంగే!" అని గర్జించాను. అక్కడ పాత పుస్తకాలమ్మే శశికళమ్మ, "ఇయ్యాల ఎవల్ని తిడుతున్నవే అన్నా, గంత కోపం?" అంది. బోధ అక్కడితో ఆపి, ఇంటికెళ్ళి ఈ అర్జీ వ్రాయ కూర్చున్నాను.

4. కావున శుక్రవారం ఆమె పేరు రిజిస్టరులోంచి తీసివేసేలోగా, సీలు విప్పని కొత్త సీసా తెప్పించి, ఆ అమ్మాయి చేతనే మళ్ళీ చేయించవలెను. గొలుసు వస్తుంది. నాకు మాత్రం క్షమాపణ ఇవ్వవద్దు.

ఇది కోపంతోనైనా చిత్తగించవలెను.

తమ విధేయుడినని ఇన్నేళ్ళూ సంతకం చేసిన,
చింతల ఎల్లేష్

తా.క.: సీసా మూత జతపరిచాను. లోపలి అంచుకు పసుపు అక్షింత ఒకటి అంటుకొని ఉంది. విచారణకు ముందురోజే వైశాలి దాన్ని చూసింది. నన్నూ చూసింది. మూత బిగించి, "పెన్షన్‌కు ఇంకెన్నేండ్లు బాబాయ్?" అంది. "రెండు బిడ్డా" అన్నాను. మరునాడు తమ ఎదుట నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.