కోట అప్పగింత

మార్చి 3

కోట మళ్ళీ అమ్ముడుపోయింది. డాక్టరుగారు అమ్మేశారు. ఈసారి కొన్నది పడవలు కట్టించే ఒకావిడ. హోటల్ పెడుతుందట. ఆవిడ లాయరు ఉత్తరం పంపాడు. నెలాఖరున అప్పగింత, డాక్టరుగారు కొన్నప్పటి పాత లిస్టులో ఉన్నవే కోటలో ఉండాలి, లేనివన్నీ ఆలోపు ఖాళీ చేయాలి అని.

గేటు మీద రెండు గదుల్లో నాన్న, నేను ఉంటున్నాం. మమ్మల్ని ఏ లిస్టులో వెతుక్కోవాలి?

మార్చి 4, పొద్దున్న

నాన్నకు చెప్పాను. పేపరు దించనైనా దించలేదు. యజమానులు వస్తారే, పోతారే, తాళాలు మన దగ్గరే ఉంటాయి అన్నాడు. ఆ ధీమా ఎక్కడ దొరుకుతుందో నాకూ కాస్త కొనాలనుంది.

మార్చి 9, ఆదివారం

ఇరవై మంది టూరిస్టులు. రోజూ చెప్పే కథే చెప్పాను. కట్టినవాడు నదిలో పోయే పడవల దగ్గర సుంకం గుంజడానికి కట్టాడు. ఏడు వందల ఏళ్ళ కిందటి మాట. వాడి మనవడు అల్లుడికి రాసిచ్చాడు. అల్లుడు పందెంలో పోగొట్టాడు. గెలిచినవాడికి నది తేమకు కీళ్ళు పట్టేశాయి, పోయి రాజుగారికి అంటగట్టాడు. రాజుగారు జైలు చేశారు. మా తాతకు ముత్తాత ఆ జైల్లో తాళాలు చూసేవాడు. అలా దాపురించాం మేము. ఆ తర్వాత ధాన్యం గిడ్డంగి, సైనికుల ఆసుపత్రి, ఉన్ని వ్యాపారి, ఆయన దగ్గర కొన్న డాక్టరుగారు. అమ్మినవాళ్ళు ఆ రోజే ఏడ్చారు, కొన్నవాళ్ళు ఏడాది ఆగి ఏడ్చారు అంటే జనం నవ్వుతారు. ఇవాళా నవ్వారు.

మీరెక్కడ ఉంటారమ్మా అని ఒక పెద్దావిడ అడిగింది. ఇక్కడేనండీ అన్నాను.

మార్చి 15

ఊళ్ళో ఒక గది చూశాను. ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్కింటి గోడ. నాన్నను తీసుకెళ్తే, ఇందులో తాళం వేయడానికి ఏముందే అన్నాడు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఏ యజమాని దగ్గరా ఒక్క కాగితం రాయించుకోలేదు నువ్వు, నీ మొహమాటం మన కొంప ముంచింది అనేశాను. నాన్న వెళ్ళి తాళాలకు నూనె వేసుకుంటూ కూర్చున్నాడు. అనకుండా ఉండాల్సింది.

మార్చి 22

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 27

పాత లిస్టు దొరికింది. డాక్టరుగారు కొన్నప్పుడు నాన్న చేత్తో రాసింది, ముప్పై ఒక్కేళ్ళ కిందటిది. ఏ గదిలో ఉన్నదేదీ వదలకుండా రాయమన్నారట. ఎవరేం చెబితే అది తు.చ. తప్పకుండా చేయడం మా నాన్నకు జబ్బు. బురుజులో గబ్బిలాలు, లెక్కకు అందలేదు. వంటింట్లో పిల్లి ఒకటి, కూనలు మూడు. చివరి పేజీలో మా గదులు. మంచాలు, కుర్చీలు రాసి, వాటి కింద మా ముగ్గుర్నీ వరసగా రాసేశాడు!

తల పట్టుకున్నాను. ఇది లాయరు అందరి ముందూ చదువుతాడు. చింపేసినా లాభం లేదు, కాపీ ఆయన దగ్గర ఉంది. ఇల్లు పోతోంది సరే, పరువు కూడానా?

మార్చి 31, సాయంత్రం

అప్పగింత అయిపోయింది.

అప్పగింతకు ఒక పద్ధతి ఉంది. నాన్న తలుపు తీయాలి, లాయరు వస్తువు పేరు చదవాలి, నాన్న ఉంది అనో లేదు అనో చెప్పాలి. గబ్బిలాల దగ్గర లాయరు ఆగిపోయాడు. ఉన్నాయండీ, పెరిగాయి అన్నాడు నాన్న. కొత్తావిడ పకపకా నవ్వింది.

ఆఖరున మా గదులు. తాళాలవాడు ఒకడు అని చదివాడు లాయరు. నాన్న నిటారుగా నిలబడి, ఉన్నాడండీ అన్నాడు. భార్య ఒకతె. అమ్మ పోయి ఆరేళ్ళు. అందరూ నాన్న వంకే చూస్తున్నారు. తాళంచెవి పోగొట్టుకున్నవాడిలా తల దించుకుని, లేదండీ అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కూతురు ఒకతె, నాలుగేళ్ళది అని మెల్లగా చదివాడు లాయరు. ఉన్నానండీ అన్నాను.

మనుషుల్ని సామాన్లలో రాస్తే చెల్లదండీ, కొట్టేద్దాం అన్నాడు లాయరు. ఆవిడ ఆయన చేతిలో కాగితం లాక్కుంది. ఇదంతా చదివే సంతకం పెట్టాను, పడవ కొన్నాక చుక్కాని నాకొద్దంటానా అంది. గదులు వీళ్ళకే, తాళాలు వీళ్ళ దగ్గరే, ఉన్నంతకాలం, ఇక్కడే కూర్చుని రాయండి అంది. లాయరు మా మంచం మీద కూర్చుని రాశాడు.

నాన్న థాంక్స్ అయినా చెప్పలేదు. కప్పు కారుతోందమ్మా, వానలు పడకముందే బాగు చేయించండి అన్నాడు. నేను మెట్ల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. ఇంటికి రమ్మని నాన్న పైనుంచి కేకేశాడు.

ఏప్రిల్ 1

ఊళ్ళో గది వద్దని చెప్పొచ్చాను. మధ్యాహ్నమే ఒళ్ళు తెలియని నిద్ర.

ఏప్రిల్ 6

కొత్త లిస్టు నన్నే రాయమన్నారు. మా గదుల దగ్గర ఇలా రాశాను.

తండ్రి ఒకడు, మొండి. తాళాలమనిషి ఒకతె, ముప్పై అయిదేళ్ళది. కిటికీ పక్కన అమ్మ కుర్చీ ఒకటి. కదపరాదు.