దొర ముక్కు బిళ్ల

తమ్ముడు నికనోర్‌కు,

నా మనవరాలి జ్ఞానస్నానం విందులో నువ్వు చేసింది నేను మరిచిపోను. చెరకుతోట వెనక పాత సమాధుల దిబ్బ తవ్వి, వెయ్యేళ్లకు ముందు మన పెరూను ఏలిన మోచికా దొర శవం ముక్కు నుంచి పీక్కొచ్చిన బంగారు బిళ్లను నీ ముక్కుకు తగిలించుకుని, మొక్కజొన్న సారా చిచా తాగుతూ గంతులేశావు.

"అక్కా, దొరకి దండం పెట్టవే!" అన్నావు.

బిళ్ల వెనక మట్టితో అతుక్కున్న ఆ శవం పన్ను ఊడి పాప ఉయ్యాల్లో పడింది. దానికీ పగలబడి నవ్వావు.

నువ్వు మత్తుగా పడివుండగా రెండూ తీసుకెళ్లి మ్యూజియంలో అప్పగించాను. నీ పేరూ చెప్పాను.

"సొంత తమ్ముడేనా అమ్మా?" అని అడిగాడు అక్కడి అధికారి. నీ ఇంటి గుర్తులు కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను.

పోలీసులు వస్తారు. పారిపోమని రాయడం లేదు. ఆ మనిషి ఎముకలు ఎక్కడ పారేశావో వాళ్లకు చూపించు, మళ్లీ పూడ్చిపెడతారు. అప్పటిదాకా నా గడప తొక్కకు.

మీ అక్క